మంచాన పడ్డ పెద్దవారి సంరక్షణ: బీమా ఎంతవరకు, ఇంటివారు ఎంతవరకు?

తెనాలి వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 78 ఏళ్ళు. వేసవిలో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. నాన్నగారు ప్రభుత్వ ఉపాధ్యాయులు, ఇప్పుడు లేరు. అందువల్ల అమ్మకు కుటుంబ పింఛను వస్తుంది, ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు కూడా ఉంది. శస్త్రచికిత్స ఆ కార్డు మీదే జరిగింది. మేము చేతి నుంచి పెట్టుకున్నది గది అద్దెలో తేడా, బయట కొన్న కొన్ని మందులు, అంతే. గండం గడిచిందనుకుని ఇంటికి తీసుకొచ్చాం. అసలు ఖర్చు అక్కడే మొదలైంది.

ప్రస్తుతం నెల ఖర్చు ఇలా ఉంది: పగలు పన్నెండు గంటలు ఉండే ఆయమ్మకు 21,000, వారానికి మూడుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టుకు 6,500, డయాపర్లకు 4,500, మందులకు 4,000, ప్రోటీన్ పొడి, పండ్లు వగైరాకు 2,000. మొత్తం 38,000. పింఛను 24,000. అంటే నెలకు 14,000 తక్కువ పడుతోంది. ఈ మొత్తాన్ని హైదరాబాదులో ఉన్న నేను, అమెరికాలో ఉన్న తమ్ముడు చెరిసగం భరిస్తున్నాం. రాత్రిళ్ళు అమ్మను చెల్లి చూసుకుంటుంది. తను తెనాలిలోనే, అమ్మ ఇంట్లోనే ఉంటుంది.

నా ప్రశ్నలు రెండు. ఈ రకమైన ఖర్చుకు పనికొచ్చే బీమా ఏదైనా ఇప్పుడు తీసుకోవచ్చా? ఇది ఇంకా కొన్నేళ్ళు సాగితే ముగ్గురం దీన్ని ఎలా పంచుకోవడం న్యాయంగా ఉంటుంది?

విశ్రాంత బీమా ఉద్యోగి:

మొదటి ప్రశ్నకు సమాధానం చెబుతాను, అది మీకు రుచించకపోవచ్చు. మీ పాలసీ పత్రం, లేదా ఎవరి ఆరోగ్య బీమా పత్రమైనా సరే, తెరిచి మినహాయింపుల భాగం చూడండి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే భాషలో ఖాయం చేసిన మినహాయింపుల్లో అయిదవది, ‘ఎక్స్‌సీఎల్ 05’ అనే సంకేతంతో ఉంటుంది. విశ్రాంతి కోసం, పునరావాసం కోసం, సంరక్షకులకు ఊరట కోసం అయ్యే ఖర్చు చెల్లదని దాని సారాంశం. అక్కడితో ఆగకుండా, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అటూ ఇటూ నడిపించడం వంటి రోజువారీ పనుల్లో సాయం ఇంట్లో జరిగినా, నర్సింగ్ కేంద్రంలో జరిగినా, చేసినవారు శిక్షణ పొందిన నర్సు అయినా, మామూలు మనిషి అయినా చెల్లదని విడమర్చి రాసి ఉంటుంది. మీరు 21,000 ఇస్తున్నది సరిగ్గా ఈ పనులకే.

పాలసీ చివర చెల్లించని వస్తువుల జాబితా ఒకటి ఉంటుంది, 68 అంశాలు. డయాపర్లు, అటెండెంట్ ఛార్జీలు, ప్రత్యేక నర్సు ఛార్జీలు, నడకకు సాయపడే కర్రలు, వాకర్లు అన్నీ అందులోనే ఉంటాయి. చాలామంది క్లెయిము తిరస్కరణ ఉత్తరం చేతికి వచ్చాకే ఈ పేజీ చదువుతారు.

ఇక 78 ఏళ్ళకు కొత్త పాలసీ దొరుకుతుందా అంటే, 2024 ఏప్రిల్ నుంచి 65 ఏళ్ళ గరిష్ఠ వయసు పరిమితి తొలగించారు కాబట్టి నిబంధనల ప్రకారం అడ్డు లేదు. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండవలసిన కాలాన్ని కూడా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు. 2025 జనవరిలో వృద్ధుల ప్రీమియం ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే నియంత్రణ సంస్థను ముందుగా సంప్రదించాలన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్‌టీ తీసేశారు. ఇవన్నీ మంచి మార్పులే, కాదనను. కానీ అన్నీ ఆసుపత్రి పడక చుట్టూ తిరిగేవే. ఇంట్లో ఉన్న మంచం వైపు ఒక్కటీ చూడదు. మీకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉండగా మరో పాలసీకి ప్రీమియం కట్టడం కన్నా ఆ డబ్బు ఆయమ్మ జీతానికి అట్టేపెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

సాగరతీరం:

70 దాటిన అందరికీ కేంద్రం అయిదు లక్షల కార్డు ఇస్తోంది కదా, దానిలో ఇంటి సంరక్షణ రాదా?

విశ్రాంత బీమా ఉద్యోగి:

రాదండీ. మీరంటున్నది ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. ఆదాయంతో పని లేకుండా 70 నిండిన ఎవరికైనా కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల వరకు వర్తిస్తుంది. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఇద్దరికీ కలిపి అదే అయిదు లక్షలు. అయితే అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే (ఇన్‌పేషెంట్) చికిత్సకు ఉద్దేశించింది. చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికి పంపాక పదిహేను రోజుల మందులు, పరీక్షల వరకు చూస్తుంది. పదహారో రోజు నుంచి మీరే. మన రాష్ట్రాల పథకాలదీ ఇంచుమించు అదే దారి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో పాతిక లక్షలకు పెంచారు. పరిమితి ఎంత పెంచినా డయాపరు దాని పరిధిలోకి రాదు.

లెక్కల మాస్టారు:

తెనాలి వాసి గారూ, మీ రెండవ ప్రశ్నకు వస్తాను. మీరు రాసిన పట్టికలో ఒక పద్దు లేదు. రాత్రి పన్నెండు గంటలు ఎవరు చూస్తున్నారో చెప్పారు గానీ దాని ఖరీదు రాయలేదు. మీ చెల్లెలు ఇంతకుముందు ఏదైనా ఉద్యోగం చేసేవారా?

తెనాలి వాసి:

ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. జీతం 18,000. రాత్రి నిద్ర లేక పొద్దున్నే వెళ్ళలేకపోవడంతో ఈ విద్యా సంవత్సరం మానేసింది.

లెక్కల మాస్టారు:

అనుకున్నదే. అయితే లెక్క మళ్ళీ వేద్దాం. పగటి పనికి మార్కెట్లో 21,000 పలుకుతోంది కాబట్టి రాత్రి పనికీ కనీసం అంతే వేయాలి. నిజమైన ఖర్చు 38,000 కాదు, 59,000. పింఛను 24,000 తీసేస్తే మిగిలేది 35,000. ముగ్గురు బిడ్డలూ సమానమనుకుంటే ఒక్కొక్కరి వాటా సుమారు 11,700.

మీ చెల్లెలు తన వాటాగా 21,000 విలువైన పని ఇప్పటికే ఇస్తున్నారు. అంటే ఆమె నెలకు 9,300 ఎక్కువ పెడుతున్నట్టు. మీరూ మీ తమ్ముడూ తలా 7,000 మాత్రమే ఇస్తున్నారు. తలా 11,700 ఇవ్వాలి. అప్పుడు 23,400 వస్తుంది, అందులో 14,000 ఇంటి ఖర్చుకు పోతే దాదాపు 9,400 ఆమె చేతికి రావాలి. ఇది కూడా సమాన ఆదాయాలు ఉన్నాయనుకుని వేసిన లెక్క. డాలర్లలో సంపాదించే తమ్ముడి వాటా, జీతం పోయిన చెల్లెలి వాటా ఒకటే కావాలా అన్నది మీరు ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి.

ఆమె 18,000 జీతం వదులుకోవడాన్ని నేను దీనికి కలపలేదు. ఒకే పనిని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. కానీ రెండేళ్ళ తరువాత మళ్ళీ ఉద్యోగానికి వెళితే ఆ జీతంతో తీసుకుంటారన్న నమ్మకం లేదు, మధ్యలో భవిష్య నిధి జమ కూడా ఆగిపోతుంది. ఆ నష్టం ఏ పట్టికలోనూ కనబడదు.

పాతకాలం మనిషి:

క్షమించాలి, ఈ లెక్క చదువుతుంటే నాకు మనసు ఒప్పడం లేదు. కన్నతల్లికి చేసే సేవకు గంటల చొప్పున వెల కట్టి తోబుట్టువుల దగ్గర వసూలు చేస్తే ఇక కుటుంబం అనే మాటకు అర్థమేముంది? మా నాయనమ్మ మంచాన పడితే మా అమ్మ, పిన్ని, మేనత్త చేతులు మార్చుకుని చూసుకున్నారు. ఎవరూ ఎవరికీ పైసా లెక్క చెప్పలేదు.

లెక్కల మాస్టారు:

ముగ్గురు ఆడవాళ్ళు చేతులు మార్చుకున్నారని మీరే రాశారు. తెనాలిలో ఉన్నది ఒక్కరు. నేను వేసింది ప్రేమకు వెల కాదు, భారం ఎవరి మీద ఎంత పడుతోందో తెలిపే కొలత. కొలవకపోతే భారం లేకుండా పోదు, దగ్గరున్నవారి మీదే ఉండిపోతుంది. దేశం మొత్తం మీదా సంగతి ఇదే. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో పాల్గొంటూ రోజుకు సుమారు 140 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే వయసు మగవారిలో పాల్గొనేది 21.4 శాతమే, వారు వెచ్చించేది 74 నిమిషాలు. ఇందులో పిల్లల సంరక్షణ కూడా కలిసి ఉంది, నిజమే. కానీ నిష్పత్తి ఏమిటో తెలుస్తోంది కదా.

వార్డు సిస్టర్:

ఆర్థోపెడిక్ వార్డులో చాలా ఏళ్ళు పనిచేశాను. డబ్బు లెక్కలో మీరందరూ వదిలేసిన ఒక సంగతి చెప్పాలి.

తుంటి శస్త్రచికిత్స తరువాత పెద్దవారు ఎన్నాళ్ళు కదలకుండా పడుకుంటే అంత ప్రమాదం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ముందు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. రెండు వారాలు అశ్రద్ధ చేస్తే ఎముక కనిపించేదాకా పోవచ్చు. అప్పుడు చీము, జ్వరం, రక్తంలో ఇన్‌ఫెక్షన్, మళ్ళీ ఐసీయూ. ఆ రెండవ చేరిక తాలూకు లక్షల బిల్లును మీ పథకమో బీమానో చెల్లిస్తుంది. ఆ పుండు పడకుండా రాత్రి లేచి తిప్పే మనిషికి మాత్రం ఎవరూ రూపాయి చెల్లించరు. జబ్బు ముదిరాక ఉదారంగా ఇచ్చి, ముదరకుండా ఆపేదానికి చేయి బిగపట్టే పద్ధతి ఖజానాకైనా నష్టమేనని నాకు ఎప్పుడూ అనిపించేది.

తెనాలి వాసి గారికి నా సలహా: గాలి పరుపు కొనకపోయి ఉంటే ఈ వారమే కొనండి, మోటారుతో అరలు మార్చి మార్చి గాలి నిండేది. ఫిజియోథెరపిస్టు వచ్చిన ప్రతిసారీ ఆ వ్యాయామం మీ చెల్లెలికి, ఆయమ్మకు కూడా నేర్పమని అడగండి. మూడు నెలల తరువాత ఆయన రాక తగ్గినా పని ఆగదు, మీకు ఆ 6,500లో సగం మిగులుతుంది. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, జారని చాప, రాత్రి వెలిగే చిన్న బల్బు పెట్టించండి. రెండో తుంటి విరిగితే ఇప్పుడు వేస్తున్న లెక్కలన్నీ తారుమారవుతాయి.

డాలస్ తెలుగు:

మా అత్తగారి విషయంలో మేము ఆలోచించినది చెబుతాను, ఎందుకంటే తెనాలి వాసి గారి తమ్ముడికి కూడా ‘అమ్మను ఇక్కడికే తెచ్చుకుంటే పోదా’ అన్న ఆలోచన తప్పకుండా వచ్చి ఉంటుంది.

సందర్శకుల బీమాతో వస్తే పాత జబ్బులకు సాధారణంగా వర్తించదు. గ్రీన్‌కార్డు తీసుకున్నా, ఇక్కడ ఎన్నడూ ఉద్యోగం చేయని 65 దాటినవారు మెడికేర్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వం వృద్ధులకిచ్చే ఆరోగ్య బీమాలో చేరాలంటే అయిదేళ్ళు నిరంతరాయంగా నివసించి ఉండాలి, ఆపైన అందులోని ఆసుపత్రి భాగానికి కూడా నెలవారీ ప్రీమియం కట్టాలి. ఇదంతా దాటుకుని మెడికేర్ వచ్చిందనుకోండి, అది కూడా ఇంటి ఆయమ్మకు చెల్లించదు. ఆసుపత్రిలో వరుసగా మూడు రోజులు ఉన్న తరువాత నర్సింగ్ కేంద్రంలో వైద్య అవసరం ఉన్నంతవరకు గరిష్ఠంగా వంద రోజులు భరిస్తుంది, అందులో మొదటి ఇరవై రోజులే పూర్తిగా. ఆ తరువాత దీర్ఘకాలం చూసేది పేదలకు ఉద్దేశించిన మెడికెయిడ్. దానికి అర్హత రావాలంటే చేతిలో ఉన్నది దాదాపు అంతా ఖర్చయిపోవాలి. ఇక్కడ పుట్టి పెరిగిన మధ్యతరగతి వారే ఈ విషయంలో ఇళ్ళు అమ్ముకుంటున్నారు. సంపన్న దేశం కదా అని ఈ ఒక్క విషయంలో ఆశ పెట్టుకోవద్దు.

సాగరతీరం:

అయితే ఏ దేశంలోనూ దీనికి దారి లేదా?

ప్రజారోగ్య విద్యార్థి:

ఉందండీ. జర్మనీ 1995లో దీర్ఘకాల సంరక్షణకు విడిగా నిర్బంధ బీమా పెట్టింది. జపాన్ 2000 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. జపాన్‌లో 40 ఏళ్ళు నిండిన ప్రతివారూ ప్రీమియం కడతారు, సగం డబ్బు పన్నుల నుంచి వస్తుంది, సేవలు అందుకునేవారు ఆదాయాన్నిబట్టి 10 నుంచి 30 శాతం భరిస్తారు. ఎవరికి ఎంత సాయం కావాలో ఏడు స్థాయిలుగా అంచనా కట్టి నిర్ణయిస్తారు. జబ్బు పేరు కాదు, మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడన్నదే కొలబద్ద. జర్మనీలో మరో విశేషం ఉంది. అక్కడ ఇంట్లోవారే చూసుకుంటే కుటుంబానికి నగదు ఇస్తారు. అంతేకాక వారానికి కనీసం పది గంటలు సంరక్షణ చేస్తూ ఉద్యోగం తగ్గించుకున్నవారి తరఫున సంరక్షణ బీమాయే పింఛను చందా కడుతుంది. మాస్టారు గారు చెప్పిన, ఏ పట్టికలోనూ కనబడని నష్టాన్ని పట్టికలోకి ఎక్కించిన ఏర్పాటు అది.

అయితే ఇవి చవక కాదు. జపాన్‌లో 65 దాటినవారి సగటు ప్రీమియం మొదట్లో నెలకు 2,911 యెన్లు; 2024 నుంచి 6,225 యెన్లు. అక్కడ జీతాల నుంచి క్రమం తప్పక కోత పెట్టగలిగినంత సంఘటిత ఉద్యోగం ఉంది. మన దగ్గర అత్యధికులు రోజుకూలీ, సొంత వ్యవసాయం, చిన్న దుకాణం మీద బతికేవారు. వారి నుంచి చందా ఎలా వసూలు చేస్తారన్న ప్రశ్నకు నా దగ్గరైతే సమాధానం లేదు. కాబట్టి మనకు దగ్గరి ఉదాహరణ టోక్యో కాదు, కేరళ అనుకుంటాను. 1993లో కోళికోడులో చిన్న బృందంగా మొదలైన ఉపశమన సంరక్షణ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) 2008లో ఆ రాష్ట్ర విధానమైంది. పంచాయతీల తరఫున నర్సు ఇంటికే వచ్చి పుండ్లు శుభ్రం చేసి, గొట్టాలు మార్చి, చూసుకునేవారికి పని నేర్పి వెళుతుంది. మంచాన పడ్డవారిని చూసుకునే కుటుంబ సభ్యులకు ‘ఆశ్వాసకిరణం’ పేరిట నెలకు 600 రూపాయలు ఇస్తారు. 600 తో ఏమవుతుందని నవ్వవచ్చు. కానీ ఆ డబ్బు రోగి పేర కాదు, చూసుకునే మనిషి పేర వస్తుంది. ఆ మనిషి ఒకరున్నారని ప్రభుత్వ పుస్తకంలో రాయడం మన దేశంలో అరుదైన సంగతి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన ఆరోగ్య ఆసరా దీనికి దగ్గరగా వచ్చింది. శస్త్రచికిత్స తరువాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 చొప్పున నెలకు 5,000 వరకు ఇచ్చేవారు. అయితే అది రోగి పోగొట్టుకున్న కూలికి పరిహారం. పక్కన కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి అందులో లేదు.

తెనాలి వాసి:

మంచాన పడ్డవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 15,000 పింఛను ఇస్తోందని విన్నాను. మా అమ్మకు వర్తిస్తుందా?

ప్రజారోగ్య విద్యార్థి:

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000, పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైన వారికి 15,000 ఇస్తున్నారు. చివరిది ఇంటి సంరక్షణకు ఉపయోగపడేంత మొత్తమే, దాన్ని మెచ్చుకోవాలి. కానీ మీ అమ్మగారు ఇప్పటికే ప్రభుత్వ కుటుంబ పింఛను అందుకుంటున్నారు కనుక ఆశ పెట్టుకోకండి. పైగా అది ఏర్పరచిన జబ్బుల జాబితా, వైకల్య ధ్రువపత్రం మీద ఆధారపడుతుంది. 2025లో ఆ పత్రాలన్నిటినీ మళ్ళీ పరిశీలించారు. తెలంగాణలో ఆసరా కింద వృద్ధాప్య పింఛను 2,016. ఈ మొత్తాల్లో కేంద్రం వాటా ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు: 60 నుంచి 79 ఏళ్ళవారికి 200, 80 నిండితే 500. ఆ 200 ను 2007 నుంచి మార్చలేదు.

ఇంకొక మాట. దేశంలో 60 దాటినవారు 2022 నాటికి సుమారు 14.9 కోట్లు, జనాభాలో 10.5 శాతం, 2050కి ఇది 20.8 శాతం కావచ్చని అంచనా. దక్షిణాది రాష్ట్రాలు ఆ దారిలో ముందున్నాయి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది కూడా ఈ భయంతోనే. పిల్లల్ని కనమని చెప్పడం తేలిక. ఆ పిల్లలు పెద్దవారై వేరే ఊళ్ళకు వెళ్ళాక ముసలివారిని ఎవరు చూస్తారన్నది దానివల్ల తీరే సమస్య కాదు.

కోనసీమ బిడ్డ:

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మా అమ్మ ఆయమ్మే. చాలాకాలం కువైట్‌లో ఇంటి పని చేసి తిరిగి వచ్చి, ఇప్పుడు హైదరాబాదులో ఒక ఏజెన్సీ ద్వారా పెద్దవారిని చూసుకునే పనికి వెళుతుంది. మీ చర్చలో 21,000 అన్న అంకె వచ్చినప్పుడల్లా నాకొక సందేహం వస్తోంది. అందులో ఏజెన్సీ కమీషన్ ఎంత, పని చేసే మనిషి చేతికి వచ్చేది ఎంత అని ఎవరూ అడగలేదు. మా అమ్మ పని చేసే చోట కుటుంబం నెలకు 27,000 కడుతుంది, అమ్మకు వచ్చేది 18,000. అది కూడా రాత్రింబవళ్ళు అక్కడే ఉండి. వారానికి ఒక్క రోజు సెలవు లేదు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. పెద్దాయన్ను ఎత్తి కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ తన నడుము పోయింది. రేపు తనే మంచాన పడితే చూసుకోవడానికి ఈ 18,000లో నుంచి దాచిందేమీ లేదు.

మీ ఇళ్ళలో బరువు ఎక్కువైందంటున్నారు, నేను కాదనడం లేదు. కానీ ఆ బరువు తగ్గించుకునే మార్గం ప్రతిసారీ ఇంకొక పేద ఆడమనిషికి తక్కువ ఇవ్వడమే అవుతోంది. ఈ పనికి సరైన జీతం ఇస్తే మధ్యతరగతి భరించలేదు, మధ్యతరగతి భరించగల జీతంతో ఈ మనిషి బతకలేదు. మధ్యలో ప్రభుత్వమో బీమానో చేయి పెట్టకపోతే ఈ తేడా పూడదు.

లెక్కల మాస్టారు:

నేను అడగవలసిన ప్రశ్న మీరు అడిగారు, అమ్మాయీ. తెనాలి వాసి గారూ, మీ ఆయమ్మ ఏజెన్సీ మనిషా, నేరుగా పెట్టుకున్నారా?

తెనాలి వాసి:

నేరుగానే. పక్క వీధిలోనే ఉంటారు. పూర్తి మొత్తం ఆమెకే అందుతుంది. కానీ సెలవు గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె రాని రోజు చెల్లే రెండు పూటలూ చూస్తుంది.

గోదావరి గట్టు:

డబ్బు చెల్లించే వృద్ధాశ్రమాల గురించి ఎవరూ ఎత్తలేదు. మా పెదనాన్నను అలాంటి ఒకచోట చేర్చాం. భోజనం, శుభ్రత బాగున్నాయి. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: చేరినవారు తమ పనులు తాము చేసుకోలేని స్థితికి వస్తే నెల రోజుల్లో బంధువులు తీసుకువెళ్ళాలి. ఆయన మంచాన పడ్డ నెలలోనే ఫోన్ వచ్చింది. తెలుసుకుని చేరండి. నడిచే వృద్ధులకు చోటు దొరుకుతుంది, నడవలేనివారికి దొరికే చోట్లు తక్కువ, ధర దాదాపు రెట్టింపు.

చట్టం చుట్టం:

వృత్తిరీత్యా న్యాయవాదిని. ఇలాంటి చర్చల్లో చివరికి ఇల్లు దగ్గరకు వస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను.

చూసుకుంటున్న బిడ్డకు ఇల్లు రాసివ్వడం మన ఊళ్ళలో పాత అలవాటు. అది ఒకరకంగా ఎప్పటినుంచో ఉన్న సంరక్షణ బీమా, ప్రీమియం చివర్లో కడతారు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, సెటిల్‌మెంట్ దస్తావేజులో ‘ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను’ అని మాత్రమే రాసి, పోషణ గురించి ఒక్క ముక్క రాయరు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. షరతు స్పష్టంగా ఉండాలని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో పట్టుబట్టింది. 2025 జనవరి తీర్పులో వృద్ధులకు అనుకూలంగా ఉదారంగా చూడాలంది. కోర్టుల దాకా పోకుండా ఉండాలంటే షరతును దస్తావేజులోనే రాయండి. ఇంకా మంచిది, అమ్మగారి జీవితకాలం ఇల్లు ఆమె పేరనే ఉంచి, వీలునామా రాయించి రిజిస్టరు చేయించడం. చెల్లెలి శ్రమకు వీలునామాలో ఎక్కువ వాటా ఇవ్వాలనుకుంటే కారణం కూడా అందులోనే రాయించండి, తరువాత గొడవలుండవు.

అదే చట్టం కింద ట్రిబ్యునల్ పిల్లలచేత ఇప్పించగల పోషణ భృతికి కేంద్ర చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000. పైన మాస్టారు గారు వేసిన లెక్కతో పోల్చుకుంటే ఆ అంకె ఏ కాలానిదో తెలుస్తుంది.

ఒక చిన్న పని మరచిపోకండి. అమ్మగారు సంతకం చేయగలిగిన స్థితిలో ఉండగానే బ్యాంకు ఖాతాను చెల్లెలితో ఉమ్మడిగా మార్చండి. ప్రతి ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇంటి నుంచే ముఖ గుర్తింపుతో ఇవ్వవచ్చు. అది ఆగితే పింఛను ఆగుతుంది, మీ లెక్కలో 24,000 ఆదాయం ఒక్కసారిగా మాయమవుతుంది.

నిర్వాహకులు:

ఒక సభ్యుడు ప్రైవేటు సంస్థల పేర్లు, ఫోన్ నంబర్లతో పెట్టిన సందేశాన్ని తొలగించాం. వేధింపులు, పోషణ, పింఛను విషయాల్లో సాయం కావలసిన వృద్ధులు జాతీయ సహాయ వాణి 14567 కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తెనాలి వాసి:

మాస్టారు గారి లెక్కను తమ్ముడికి, చెల్లికి పంపాను. తమ్ముడు తన వాటా 20,000 చేస్తానన్నాడు. చెల్లి డబ్బు వద్దంది. తనకు కావలసింది వారానికి రెండు రాత్రులు నిద్ర అంది. అమ్మ పేర బ్యాంకులో 12 లక్షల డిపాజిట్ కూడా ఉంది, దాన్ని ముట్టుకోకూడదని ఇప్పటివరకు అనుకున్నాం. దానిమీద సలహా చెప్పగలరా?

లెక్కల మాస్టారు:

పోస్టాఫీసు లేదా బ్యాంకులో వృద్ధుల పొదుపు పథకంలోకి మార్చండి. ఒకరి పేర 30 లక్షల వరకు పెట్టవచ్చు, వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికి వస్తుంది. 12 లక్షలకు మూడు నెలలకు 24,600, అంటే నెలకు 8,200. ఇది వస్తే మీ నగదు లోటు 14,000 నుంచి 5,800 కు దిగుతుంది. కాలపరిమితి అయిదేళ్ళు, ముందే మూసేస్తే కొంత కోత ఉంటుంది కాబట్టి రెండు లక్షలు విడిగా మామూలు ఖాతాలో, అత్యవసరానికి ఉంచి మిగతాది వేయండి. అప్పుడు వడ్డీ నెలకు 6,800 అవుతుంది, ఫరవాలేదు.

డిపాజిట్ ముట్టుకోకూడదన్న పట్టుదల ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ డబ్బు ఆమెది, ఆమె కోసమే. వారసులకు మిగల్చడానికి చెల్లెలి నిద్ర ఖర్చు పెట్టడం ఏం లెక్క?

ఇక రెండు రాత్రుల సంగతి. నెలకు తొమ్మిది రాత్రులు, రాత్రికి 700 చొప్పున 6,300. మీ తమ్ముడు అదనంగా ఇస్తానన్న దానిలోనే ఇది సరిపోతుంది, ఇంకా మిగులుతుంది.

వార్డు సిస్టర్:

రాత్రికి కొత్త మనిషిని పెట్టేటప్పుడు మొదటి రెండు రాత్రులు మీ చెల్లెలు పక్క గదిలోనే ఉండి చూడమనండి. ఎన్ని గంటలకు ఏ పక్కకు తిప్పారో రాసే కాగితం ఒకటి మంచం దగ్గర గోడకు అంటించండి. గంట, ఎడమ, కుడి, వెల్లకిల, సంతకం. అయిదు గడులు చాలు. మనిషి మారినా పని మారదు.

కోనసీమ బిడ్డ:

పగటి ఆయమ్మకు కూడా వారానికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు అదే లెక్కలో రాయండి. నెలకు నాలుగు రోజులకు మారు మనిషి అంటే 2,800. ఆమె ఎటూ జ్వరం వస్తే మానేస్తుంది, అప్పుడు మీరు కంగారుపడి ఎక్కువ ఇచ్చి ఎవరినో పిలుస్తారు. ముందే ఒప్పుకుంటే మారు మనిషి కూడా తెలిసినవారే ఉంటారు, అమ్మగారికీ కొత్త ఉండదు. ఆ వీధిలోనే ఇంకెవరైనా పని నేర్చుకుంటామంటే సిస్టర్ గారు చెప్పినట్టు ఫిజియోథెరపిస్టు వచ్చిన రోజు వారినీ నిలబెట్టండి.